నిలబడితే పోయే నొప్పి

గిద్దలూరు,
9 జులై 2023

సుబ్బయ్యా,

అక్క మాలకొండమ్మ దీవెనలు. దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. ఉత్తరం చివరిదాకా చదివాక నీకు పుచ్చుకునే ఓపిక ఉండదు.

దీన్ని పోస్టులో వెయ్యమంటే మా శివకృష్ణ నవ్వాడు. "ఈ కాలంలో ఉత్తరాలేందమ్మా" అని ఫోనులో టైపు చేసి చూపించాడు. చెవులు పోయినదానికి ఫోను ఎందుకురా? నువ్వు అక్కడ అరుస్తావు, నేను ఇక్కడ ఊకొడతాను, ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు. నాయన చలవ వల్ల మనిద్దరికీ నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి రాసుకుందాం.

మొన్న మన కోటి పొట్టేళ్లు అమ్ముకోవడానికి ఇటు వచ్చి ఒక పూట ఉండి వెళ్లాడు. చిక్కి సగమయ్యాడు. ఏమైందిరా అంటే కాగితం తీసుకుని రాసి మరీ చెప్పాడు. మందను ఒక వారం నువ్వు, ఒక వారం వాడు తోలాలని కదా నాయన పోయినప్పుడు మీ అన్నదమ్ములు అనుకున్నది? నీ వారం వచ్చేసరికి నీకు కాలు నొప్పి వస్తోందట. ఊరు దాటకముందే పిక్క పట్టుకుని నిలబడిపోతావట. కాసేపు నిలబడితే పోతుందట. మళ్లీ నడిస్తే మళ్లీ వస్తుందట. టీ బంకు దగ్గర ఎంతసేపు నిలబడి బీడీలు తాగినా మాత్రం రాదట.

ఇదేం నొప్పిరా? పనికి పిలిస్తే వస్తుంది, పని ఆపితే పోతుంది. మన ఊరి నీళ్లు తాగినవాళ్లలో కాళ్ల నొప్పులు లేనిదెవరికి? ఆ ఫ్లోరైడు నీళ్లకు నా మోకాళ్లు వంకరపోయాయి. కూర్చున్నా నొప్పే, నిలబడ్డా నొప్పే, పడుకున్నా నొప్పే. నొప్పంటే అట్లా ఉండాలి. నీది ఆఫీసు టైము చూసుకుని వచ్చేట్టుంది.

నా సంగతి మామూలే. కోడలు గోంగూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయి, అడిగితే నాకు చెవులతో పాటు నాలుక కూడా పోయిందంటోంది. అది వేరే ఉత్తరంలో రాస్తాను.

కోటిని ఒంటరివాణ్ని చెయ్యొద్దు. నడవగానే వచ్చి నిలబడగానే పోయే నొప్పి గురించి నాకు జవాబు రాయి.

మీ అక్క,
మాలకొండమ్మ


పెద్దగొల్లపల్లె,
కొనకనమిట్ల మండలం,
24 జులై 2023

అక్కకు నమస్కారం.

దీవెనలు అందాయి. మిగతావి కూడా అందాయి. నీ ఉత్తరం రాములమ్మకు చదివి వినిపించాను. మధ్యలో లేచి కట్టెలు తేవడానికి వెళ్లిపోయింది. కోపం వస్తే నీ మరదలికి వంటచెరకు గుర్తొస్తుంది.

కోటి చెప్పినదంతా నిజం, నేను వేషాలు వేస్తున్నానన్న ఒక్క ముక్క తప్ప. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఏమీ ఉండదు. శాంతయ్య మామ అరుగు దాటేసరికి ఎడమ పిక్కలో బిగుసుకోవడం మొదలవుతుంది. తడిబట్ట పిండినట్టు పిండుతుంది. ఆగితే మెల్లగా వదిలేస్తుంది. ఎందుకట్లా అవుతుందో నాకూ తెలియదు. పోయిన చలికాలంలో చెరువుకట్ట దాకా పోయేవాణ్ని. ఇప్పుడు శాంతయ్య మామ అరుగే నాకు పొలిమేర. జీవాలు నాకోసం ఆగవు కదా. అవి ముందుకు పోయి ఎవరి కంది చేలోనో పడతాయి, వాళ్లు వచ్చి కోటిని తిడతారు, కోటి వచ్చి నన్ను తిడతాడు.

నాయన నేర్పినట్టే చూసుకున్నాను. గొర్రె కుంటితే గిట్ట చేత్తో పట్టుకుని చూడమనేవాడు గుర్తుందా? వేడిగా ఉంటే తెగులు, చల్లగా ఉంటే ఏమీ లేదు, తోలెయ్యమనేవాడు. నా ఎడమ పాదం చల్లగానే ఉంది. కుడిదానికన్నా చల్లగా ఉంది. వాపు లేదు. పిక్క మీద వెంట్రుకలు మాత్రం రాలిపోయాయి. ఊళ్లో సూదులేసే డాక్టరు నరాల బలహీనత అని ఎర్రబిళ్లలు ఇచ్చాడు. వాటికి ఆకలి పెరిగింది, నొప్పి తగ్గలేదు.

చల్లగా ఉంది కాబట్టి జబ్బు లేదని నేనూ అనుకుంటున్నాను. కానీ నొప్పి ఉందక్కా.

తమ్ముడు,
రామసుబ్బయ్య


గిద్దలూరు,
5 సెప్టెంబరు 2023

సుబ్బయ్యకు,

శ్రావణ మాసంలో వచ్చి రెండు రోజులున్నాను కదా, నీ ముఖం మీద అనలేక ఇంటికొచ్చి రాస్తున్నాను. నీ పాదం నా చేత్తోనే పట్టుకుని చూశాను. మంచినీళ్ల కుండ తాకినట్టుంది. తోలు నున్నగా మెరుస్తోంది. నేనూ మంద వెనక పుట్టినదాన్నే, నాకు గిట్ట తెలియదా? ఆ పాదంలో ఏ తెగులూ లేదు.

నీ మనసులో ఉన్న సంగతి నేను ఇటు బస్సెక్కాక కోటి శివకృష్ణకు ఫోనులో చెప్పాడట. మంద పంచమన్నావట. ఓహో అనుకున్నాను. నీ వాటా జీవాలు పామూరులో ఉన్న అల్లుడికి తోలిపెట్టాలని చూస్తున్నావన్నమాట. మన ప్రసన్న మొగుడికి మేలు చేసుకో, వద్దనను. దానికి కాలు నొప్పి అడ్డం పెట్టుకోవడం ఎందుకు? "పగలంతా మంచం మీద కూర్చుని కాలు కిందికేసి ఊపుకుంటాడు దొరలాగ. కాలు పైన పెట్టుకోమంటే నొప్పంటాడు" అని కోటి చెప్పాడట. కాలు నొప్పి ఉన్నవాడు కాలు పైన పెట్టుకుంటాడు. కింద వేలాడేస్తే నొప్పి తగ్గడం నేనెక్కడా వినలేదు.

ఊరి పెద్దమనిషి కాబట్టి శాంతయ్య మామకు కూడా చెప్పించాను. ఇద్దరు తమ్ముళ్లలో ఎవరిది అబద్ధమో తేల్చడం నా వల్ల కాదు. కొండ మీద నరసింహస్వామికి వదిలేద్దాం. శనివారం తడిబట్టలతో, ఉత్తకాళ్లతో కొండెక్కి ప్రమాణం చెయ్యి. మన పెద్దల కాలం నుంచి ఉన్నదే. మూడు పున్నముల్లో నీకు ఏ కీడూ జరగకపోతే నీ మాట నిజం. కోటి నీ కాళ్లు పట్టుకుంటాడు, నేను కూడా పట్టుకుంటాను. ఏదన్నా జరిగితే అబద్ధం ఆడావని ఒప్పుకుని మందను తోలు.

తప్పుగా అనుకోవద్దు. మీరిద్దరూ విడిపోతే నేను చూడలేను.

అక్క,
మాలకొండమ్మ


పెద్దగొల్లపల్లె,
26 సెప్టెంబరు 2023

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. శనివారం పొద్దున్నే నెత్తిన నీళ్లు పోసుకుని తడిపంచెతో కొండెక్కాను. ముందు శాంతయ్య మామ, వెనక కోటి, వాళ్ల వెనక వేడుక చూడటానికి సగం ఊరు. నేను ఆగినప్పుడల్లా వాళ్లూ ఆగాల్సి వచ్చింది. "మామా, ఆగినావు కదా, సెల్ఫీ దిగుదామా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నాకు పౌరుషమొచ్చి, ఏదైతే అదవుతుందని ఆగకుండా నడిచాను. పిక్క బిగిసి అడుగు సరిగ్గా పడలేదు. బొటనవేలు రాయికి కొట్టుకుని గోరు లేచింది. పెద్దగా నెత్తురు రాలేదు, అదే మేలనుకున్నాను.

స్వామి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నాయన పేరు చెప్పి ప్రమాణం చేశాను. నా నొప్పి నిజం, పని ఎగ్గొట్టడానికి చెప్పింది కాదు అన్నాను. "సరే అల్లుడా. మూడు పున్నములు చూస్తాము. నీకేం కాకపోతే కోటిది తప్పు. ఏమన్నా అయిందా, నీది తప్పు" అన్నాడు శాంతయ్య మామ. దిగేటప్పుడు కోటి చెయ్యి అందించాడు. నేను పట్టుకోలేదు.

మంద పంచమన్నది అల్లుడి కోసం కాదు. అతనికి గొర్రెకీ మేకకీ తేడా తెలియదు. నా వాటా అమ్మేసుకుంటే నా వంతు కూడా కోటి మొయ్యక్కర్లేదని అడిగాను. అది చెప్పబోతే కోటి వినకుండా లేచి వెళ్లిపోయాడు. వాడు నీకు చెప్పాడు, నువ్వు నన్ను కొండెక్కించావు. ఒక్కసారి ఎందుకురా అని నన్నే అడిగి ఉంటే ఒక కార్డు ముక్కతో పోయేది.

సుబ్బయ్య


గిద్దలూరు,
6 నవంబరు 2023

తమ్ముడు సుబ్బయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి కోటికి గడ్డి పెట్టాను. శివకృష్ణ చేత ఫోను చేయించి, నేను పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు తిట్టించాను. కొన్ని తిట్లు వాడు మింగేశాడని నాకు అనుమానం. నా మీద కోపం వద్దు అన్నయ్యా అని చెప్పమని కోటి అన్నాడట. రెండు పున్నములు గడిచాయి. ఇంక కార్తీక పున్నమి ఒక్కటే ఉంది. అది దాటితే పప్పు, పాయసం వండించుకుని నేనే వస్తాను.

ఇక్కడ నా కోడలికి బీపీ వచ్చింది. నా వల్లనే వచ్చిందని చెప్పుకుంటోంది. ఒకరి వల్ల ఒకరికి బీపీ వచ్చేటట్టయితే మా అత్త పుణ్యాన నేను ఎప్పుడో పోవాలి.

ఒక్క మాట అడుగుతాను, విసుక్కోవద్దు. నువ్వు ఎడమకాలికి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నావని, ఇంట్లో కూడా విప్పడం లేదని కోటి అంటున్నాడు. దేవుడు చూపించడం మొదలుపెట్టినాడు అని ఊళ్లో గుసగుసలట. నేను నమ్మలేదు. కాలికి ఏమన్నా అయిందా? అయితే అయిందని రాయి.

అక్క,
మాలకొండమ్మ


పెద్దగొల్లపల్లె,
14 నవంబరు 2023

అక్కకు,

కాలికి ఏమీ కాలేదు. చలికి గుడ్డ చుట్టుకున్నాను. దీపావళికి పంపిన అరిసెలు అందాయి. బాగున్నాయి.

సుబ్బయ్య


గుంటూరు,
22 డిసెంబరు 2023

అక్కా,

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. నీకు శివకృష్ణ చెప్పే ఉంటాడు. ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

కొండ మీద తగిలిన దెబ్బ మానలేదు. పసుపు పెట్టాను, వేపాకు కట్టాను. ఎప్పుడు చూసినా అట్లాగే ఉంది. తర్వాత నల్లబడింది. నేను అది ఎవరికి చూపించాలి? చూపిస్తే కీడు జరిగినట్టే కదా. నేను అబద్ధం ఆడినట్టే కదా. కార్తీక పున్నమి దాకా ఓర్చుకుంటే చాలనుకున్నాను. రాములమ్మకు వాసన తెలిసిపోయింది. మొత్తుకుంది. నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పొద్దన్నాను. నీకు ఏమీ లేదని రాశాను. ఇన్ని నెలల్లో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని మాత్రం అందరూ నమ్మారు.

పున్నమి వెళ్లిన మర్నాడు మార్కాపురం పోయాం. డాక్టరు గుడ్డ విప్పి వేలిని చూశాడు. తర్వాత పాదం మీదా, మడమ పక్కనా వేళ్లు పెట్టి నాడి వెతికాడు. ఎడమకాలికి దొరకలేదు. అప్పుడు నన్ను ఒక మాట అడిగాడు. "పెద్దాయనా, నడిస్తే పిక్క పట్టేస్తుందా? నిలబడితే వదిలేస్తుందా?" అన్నాడు. ఏ మాట చెబితే మీరంతా నన్ను దొంగనన్నారో, ఆ మాట నేను చెప్పకుండానే ఆయన చెప్పాడు. కాలు కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటుందా అని కూడా అడిగాడు. వెంట్రుకలు రాలడం, తోలు నున్నబడడం, పాదం చల్లబడడం, అన్నీ దాని గుర్తులేనట. కాలికి నెత్తురు తీసుకుపోయే గొట్టం లోపల పూడుకుపోయింది. నడిచేటప్పుడు కండకు ఎక్కువ నెత్తురు కావాలి, అది రాదు, అందుకని నొప్పి. నిలబడితే ఉన్నది సరిపోతుంది, అందుకని పోతుంది.

గొర్రెకు చల్లటి గిట్ట మంచిదే. మనిషికి ఒక పాదం చల్లబడితే నెత్తురు అందడం లేదని అర్థమట. నాయనకు అది తెలియదు, మనకూ తెలియలేదు.

బీడీలే ఎక్కువ చెరుపు చేశాయన్నాడు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నొప్పి మొదలైనప్పుడే వచ్చి ఉంటే బీడీ మానేసి, బిళ్లలు మింగుతూ, నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడుస్తూ చాలాకాలం నెట్టుకురావచ్చట. అవసరమైతే గొట్టం బాగుచేసేవాళ్లట. మానని పుండు పడ్డాక ఒక్కో రోజూ లెక్కే అన్నాడు. గుంటూరుకు పంపించారు. ఇక్కడ స్కానింగు తీసి, ఇంక తెరవడానికి ఏమీ లేదన్నారు.

నడవడమే మందట అక్కా. ఆగుతూ నడవడం. నేను శాంతయ్య మామ అరుగు దగ్గర చేసింది అదే.

సుబ్బయ్య


గిద్దలూరు,
4 జనవరి 2024

సుబ్బా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. నాకు నీ మీద కోపంగా ఉందిరా. నవంబరులో అడిగాను కదా. అయితే అయిందని రాయమన్నాను కదా. ఏమీ కాలేదని రాశావు, అరిసెలు బాగున్నాయని రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని నేను ఇల్లంతా తిరిగి చూపించుకున్నాను. అప్పుడు ఒక్క ముక్క రాసి ఉంటే రైలెక్కి వచ్చి నిన్ను ఎత్తుకుపోయేదాన్ని.

ఇంత రాసి, నీ ఉత్తరం మళ్లీ చదివాను. నువ్వెందుకు రాయలేదో నాకు తెలుసు. రాయనివ్వకుండా చేసింది నేను. ప్రమాణం అన్నది నేను, ఉత్తకాళ్లు అన్నది నేను, పున్నములు లెక్కపెట్టింది నేను. పాదం నా చేతుల్లో పెట్టుకుని చూసి కూడా ఏమీ లేదన్నాను. నాకు చెవులే పోయాయనుకున్నాను.

శివకృష్ణ చేత కాస్త డబ్బు పంపుతాను. పాలకు ఒక ఆవును తోలిస్తాను. నన్ను వచ్చి ఉండమంటే వచ్చి ఉంటాను, రాములమ్మకు సాయంగా. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.

మాలకొండమ్మ


పెద్దగొల్లపల్లె,
19 జనవరి 2024

అక్కా,

డబ్బు వద్దు. ఆవు వద్దు. వచ్చి ఉండొద్దు. రాములమ్మ నీ పేరు వింటే లేచి వెళ్లిపోతోంది.

ఊళ్లో ఏమంటున్నారో రాస్తాను. సుబ్బయ్య స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేశాడు, మూడు పున్నములు దాటీ దాటకముందే స్వామి కాలు తీసుకున్నాడు అంటున్నారు. పిల్లలకు కొండ చూపించి నా కథ చెబుతున్నారు. మొన్న ఎవరి గట్టు తగాదాకో ప్రమాణం దాకా పోయి, "సుబ్బయ్యకేమయిందో చూసినారు కదా" అని ఆగిపోయారట. నేను వాకిట్లో మంచం మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు కాలు లేని వైపు చూసి దణ్ణం పెట్టుకుంటున్నారు. నాకు కాదు, కొండకు.

కాలు పోయింది సరే. నేను అబద్ధాలకోరునని పేరు మిగిలింది. ఏదో ఒకటి చేస్తానన్నావు కదా. వచ్చి శాంతయ్య మామ అరుగు దగ్గర పదిమందిలో నిలబడి చెప్పు. సుబ్బయ్య అబద్ధం ఆడలేదు, అది జబ్బు, దాని గుర్తులు ఇవి, చెప్పినా మనం నమ్మలేదు అని చెప్పు. నేను చెబితే వినరు. నువ్వు చెబితే వింటారు, మొదట విన్నది నీ మాటే కాబట్టి.

సుబ్బయ్య


గిద్దలూరు,
12 ఫిబ్రవరి 2024

సుబ్బయ్యా,

నిన్న సాయంత్రం ఇంటికి చేరాను. చెప్పమన్నది చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చెప్పానో తెలియదు, కానీ గొంతు నొప్పి ఇంకా పోలేదు. మా తమ్ముడు అబద్ధం ఆడలేదన్నాను. నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పి దొంగనొప్పి కాదన్నాను. ఒక కాలు చల్లబడితే, మానని పుండు పడితే ఇంట్లో దాచిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. స్వామి ఎవరి కాలూ తీసుకోడు, తీసింది మేము అన్నాను. మార్కాపురం డాక్టరు నాడి ఎక్కడ చూశాడో నా కాలి మీదే పెట్టి చూపించాను.

తర్వాత అందరూ మీ వాకిట్లో చేరి మాట్లాడారు. శాంతయ్య మామ చేతులు ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు. ఇంకా ఎవరెవరో మాట్లాడారు, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. కోటి వచ్చి నీ మంచం దగ్గర కూలబడి, నీ భుజం మీద చెయ్యేసి ఏడుస్తూ ఏదో అన్నాడు. వాడు అట్లా ఏడవడం నాయన పోయినప్పుడు కూడా చూడలేదు. నాకు మాత్రం ఒక్క ముక్క తెలియలేదు. కాగితం ఇచ్చి ఏమన్నారో రాయమంటే నువ్వు ముఖం తిప్పుకున్నావు. రాములమ్మ లోపలికి వెళ్లిపోయింది. బస్సు టైమయిందని శివకృష్ణ నన్ను లేవదీశాడు. దారిలో వాణ్ని అడిగితే, "అందరూ బాధపడినారు లేమ్మా" అని టైపు చేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మంచి మాటలే అయి ఉంటాయి. అయినా నీ చేత్తో రాస్తే చూసుకోవాలని ఉంది. శాంతయ్య మామ ఏమన్నాడు? కోటి ఏమన్నాడు? నీ పేరు నీకు తిరిగొచ్చిందా?

అక్క,
మాలకొండమ్మ


పెద్దగొల్లపల్లె,
25 ఫిబ్రవరి 2024

అక్కా,

నువ్వు చెప్పినదంతా విన్నారు. ఎవరూ కాదనలేదు. జబ్బేనని ఒప్పుకున్నారు. వాళ్లు ఏమన్నారో అడిగావు కాబట్టి, అన్నది అన్నట్టు రాస్తున్నాను.

శాంతయ్య మామ అన్నాడు: "ఇంత జబ్బు ఒంట్లో పెట్టుకొని నోరు మూసుకొని కూచున్నాడే! మాలో ఒక్కరికన్నా చెప్పింటే ఇంతదాకా పోనిస్తుమా?"

పక్కనున్నవాళ్లంతా అవునన్నారు. సుబ్బయ్య మొదట్నించీ ఇంతే, ఏదీ బయటికి చెప్పడన్నారు.

కోటి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. నా భుజం పట్టుకుని అన్నాడు: "ఏందన్నా ఇట్ల చేసినావు? కాలు నొప్పి అని నాతో ఒక్క మాట చెప్పింటే నిన్ను ఎత్తుకొని పోయిందును కదన్నా, ఎందుకు చెప్పలేదన్నా?"

అదక్కా వాళ్లన్నది. నేను చెప్పలేదట.

సుబ్బయ్య